రాణి ఈగ ఎవరి మాట వింటుంది?

ప్రశ్నోపనిషత్తులో తేనెటీగల పోలిక ఒకటి వస్తుంది. మాట, మనసు, చూపు, వినికిడి వీటన్నిటికీ ప్రాణమే పెద్ద అని చెప్పాలి. దానికి ఋషి తేనెపట్టును చూపిస్తాడు. మధుకర రాజు పైకి లేస్తే ఈగలన్నీ లేస్తాయి, అది వాలితే అన్నీ వాలతాయి, ప్రాణమూ అంతే అంటాడు. అక్కడున్నది రాజు, రాణి కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ కూడా అదే ఈగకు గ్రీకులో రాజు అనే మాటే వాడాడు. రెండు చోట్లా కంటికి కనిపించింది నిజమే. ఒక పెద్ద ఈగ ఉంది, అది వెళ్తే మిగతావి వెళ్తాయి. కానీ చూసినదాని నుంచి తీసిన అర్థం ఒక్కటే: అది ఏలుతోంది.

తేనెటీగల చరిత్ర చదువుతుంటే నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఈ అర్థం ఊడిపోయిన తీరు. ఆ పెద్ద ఈగ గుడ్లు పెడుతుందని తెలియడానికి దాదాపు రెండు వేల ఏళ్లు పట్టింది. ఎక్కడ, ఎప్పుడు, ఏ గుడ్డు పెట్టాలన్నది పూర్తిగా దాని చేతిలో లేదని తెలియడానికి ఇంకో నాలుగు వందల ఏళ్లు పట్టింది. రెండోది ఇప్పటికీ చాలామందికి చేరలేదు.

అరిస్టాటిల్‌ని ఎగతాళి చేయడం తేలిక. ప్రకృతి ఆడవాటికి ఆయుధం ఇవ్వదు, కుట్టే ఈగకు ముల్లుంది కాబట్టి అది ఆడది కాదు అన్నాడు. మగవి పిల్లల్ని సాకవు, ఈ ఈగలు సాకుతున్నాయి కాబట్టి అవి మగవీ కావు అన్నాడు. చివరికి రాజులు రాజుల్నీ మామూలు ఈగల్నీ కంటాయనీ, మామూలు ఈగలు పోతుటీగల్ని కంటాయనీ, దేనికీ జోడీ అక్కర్లేదనీ తేల్చాడు. తర్కంలో లోపం లేదు, మొదట పట్టుకున్న నమ్మకమే తప్పు. అయితే ఆయన ఇంకో రెండు పనులు చేశాడు. కొందరు ఈ ఈగల్ని తల్లులు అంటున్నారని కూడా రాసిపెట్టాడు. అలా అన్నవాళ్ల పేర్లు మనకు అందలేదు. రెండోది, ఈ సంగతి ఇంకా సరిగా తేలలేదనీ, ఎప్పటికైనా తేలితే సిద్ధాంతాన్ని కాక కంటితో చూసినదాన్నే నమ్మాలనీ హెచ్చరించాడు. తన సిద్ధాంతం చెప్పిన చోటే ఆ మాట రాయడానికి ధైర్యం కావాలి.

ఈ పాత కథ నాకెందుకు పట్టిందో చెప్పాలి. నేనుండేది టోలిచౌకిలో. ఒక పక్క గోల్కొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు, ఇంకో పక్క ఫిల్మ్‌నగర్ గుట్టలు. ఈ చుట్టుపక్కల ఎత్తయిన అపార్ట్‌మెంట్ల సజ్జాల కింద, వాటర్ ట్యాంకుల అడుగున, పెద్ద చెట్ల కొమ్మలకు కొండ తేనెటీగలు పట్టు పెడతాయి. ఏపిస్ డోర్సాటా అని శాస్త్రం పేరు. పట్టు కనబడిందంటే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకు ఆ వారమంతా అదే పని. ఒకసారి అలాంటి చర్చలో మా పై అంతస్తు ఆయన, రాణిని ఒక్కదాన్ని తీసేస్తే మిగతావన్నీ వాటంతటవే పోతాయి కదా భాయ్ అని అడిగారు. ఎవరూ కాదనలేదు. ప్రశ్నోపనిషత్తులోని మధుకర రాజు మా గ్రూపులో అడ్మిన్ కన్నా గట్టిగా పాతుకుపోయి ఉన్నాడని అప్పుడు అర్థమైంది.

రాజు రాణి అయింది 16, 17 శతాబ్దాల్లో. 1586లో స్పెయిన్‌లో లూయిస్ మెండెజ్ ద టోరెస్ ఆ పెద్ద ఈగ ఆడదనీ, గుడ్లు పెట్టేది అదేననీ రాశాడు. 1609లో ఇంగ్లండులో చార్లెస్ బట్లర్ అనే చర్చి పూజారి తేనెపట్టును ఆడవాళ్ల రాజ్యం అని పిలుస్తూ ఏకంగా పుస్తకం వేశాడు. ఇంగ్లండును ఎలిజబెత్ రాణి నలభై నాలుగేళ్లు ఏలి పోయి అప్పటికి ఆరేళ్లే. ఆడది ఏలడం అనే ఊహ అక్కడివాళ్లకు కొత్త కాదు. గమనించాల్సింది ఏమిటంటే, బట్లర్ లింగం మార్చాడు కానీ సింహాసనం కదపలేదు.

దాన్ని కదిపినవాడు హాలండుకు చెందిన యాన్ స్వామర్‌డామ్. 1670ల నాటికి ఆయన సూక్ష్మదర్శిని కింద రాణిని కోసి, కడుపు నిండా ఉన్న అండాశయాల్ని చూశాడు, బొమ్మ గీశాడు. 1680లో చనిపోయాడు. ఆ బొమ్మలున్న పుస్తకం అచ్చయింది 1737-38లో. రాజు అనుకున్నది తల్లి అని దాంతో ఖాయమైంది. కానీ తల్లి ఎలా అవుతుందో స్వామర్‌డామ్‌కూ అంతుపట్టలేదు. జత కట్టడం ఆయనకు ఎక్కడా కనిపించలేదు. పోతుటీగల వాసన తగిలితే చాలు, గుడ్లు ఫలదీకరణ చెందుతాయేమో అనుకున్నాడు.

తర్వాతి అడుగు వేసింది చూపులేని మనిషి. ఫ్రాన్స్వా హ్యూబర్ 1750లో జెనీవాలో పుట్టాడు, చిన్న వయసులోనే చూపు పోయింది. ఆయన దగ్గర ఫ్రాన్స్వా బర్నెన్స్ అని ఒక పనివాడు ఉండేవాడు. ఏం చేసి చూడాలో హ్యూబర్ చెప్పేవాడు, బర్నెన్స్ చేసి, చూసి, చెప్పేవాడు. హ్యూబర్ మళ్లీ మళ్లీ అడ్డం తిప్పి ప్రశ్నలు వేసి, నమ్మకం కుదిరాకే రాయించేవాడు. ఇద్దరూ కలిసి పుస్తకంలా తెరుచుకునే పెట్టె చేశారు. ఒక్కో పెర ఒక్కో పుట. తిప్పితే రెండు వైపులా గదులు కనిపిస్తాయి. అంతకుముందు గంపల్లో, దుంగల్లో ఉన్న పట్టు లోపల చూడాలంటే దాన్ని కోసి పాడుచేయాల్సిందే.

1792లో అచ్చయిన వాళ్ల పరిశీలనల్లో రెండు విషయాలు మన కథకు ముఖ్యం. మొదటిది, రాణి జత కట్టేది పట్టు లోపల కాదు, బయట, గాలిలో. అందుకే లోపల వెతికినవాళ్లకు కనబడలేదు. స్లొవేనియా నుంచి వచ్చి వియన్నాలో తేనెటీగల పెంపకం నేర్పిన అంటోన్ యాన్షా అంతకు ఇరవై ఏళ్ల ముందే ఈ సంగతి గమనించాడు. రెండోది ఇంకా వింత. రాణిని బయటికి పోనీకుండా మూడు వారాలు దాటేదాకా ఆపితే, ఆ తర్వాత అది జన్మంతా పోతుటీగల గుడ్లే పెట్టింది. ఆడ ఈగ ఒక్కటీ పుట్టలేదు. ఎందుకో హ్యూబర్ చెప్పలేకపోయాడు, కానీ జరిగింది జరిగినట్టు రాసిపెట్టాడు.

బర్నెన్స్ చేసిన ఇంకో పని గురించి కూడా చెప్పుకోవాలి. కూలి ఈగలు కూడా ఒక్కోసారి గుడ్లు పెడతాయా అన్నది తేల్చాలి. దానికోసం రెండు పెట్టెల్లోని ఈగల్ని ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని పరీక్షించాడు. పదకొండు రోజులు పట్టింది. ప్రతి ఈగకూ ముల్లుంది. అంత పనీ ఒక్క మాట తేల్చడానికి. కొన్ని కూలి ఈగలు గుడ్లు పెట్టగలవు, పెడతాయి. హ్యూబర్ తన పుస్తకంలో బర్నెన్స్ ఓపికనూ నేర్పునూ దాచకుండా మెచ్చుకున్నాడు. చరిత్రకే అంత ఓపిక లేకపోయింది. ఆ కళ్లు ఎవరివైనా ఆ పరిశీలనల్ని ఇవాళ అందరూ హ్యూబర్‌వి అనే అంటారు.

మూడు వారాల చిక్కుముడి విప్పింది సైలీషియాలోని ఒక క్యాథలిక్ పూజారి, యాన్ జీర్జోన్. 1845లో ఆయన చెప్పింది ఇది: ఫలదీకరణ అయిన గుడ్డు నుంచి ఆడ ఈగ, కాని గుడ్డు నుంచి పోతుటీగ. జత కట్టనిదీ, కట్టే అదను దాటిపోయినదీ పోతులనే కంటాయి. పసుపు రంగు ఇటలీ రాణి నల్ల జర్మన్ పోతుటీగలతో జత కట్టినా దాని మగపిల్లలు పసుపుగానే పుట్టాయి. అంటే పోతుటీగకు తండ్రి లేడు, తాత మాత్రం ఉంటాడు. చాలామంది నమ్మలేదు. 1856లో జీబోల్డ్ సూక్ష్మదర్శిని కింద గుడ్లను చూసి అవునన్నాడు.

ఇక్కడికి రాణి చేతికి మళ్లీ అధికారం వచ్చినట్టే ఉంటుంది. అది జీవితం మొదట్లో కొన్నిసార్లు ఎగిరి, పదికి పైగా పోతులతో జత కట్టి, ఆ వీర్యాన్ని ఒక చిన్న సంచిలో ఏళ్ల తరబడి దాచుకుంటుంది. గుడ్డు జారేటప్పుడు సంచి తెరిస్తే కూతురు, మూసి ఉంచితే కొడుకు. ఇంతకన్నా ఏలుబడి ఏముంటుంది?

కానీ సంచి ఎప్పుడు తెరుస్తుంది? పట్టులో రెండు కొలతల గదులుంటాయి. చిన్నవి కూలి ఈగలకు, కాస్త పెద్దవి పోతులకు. రాణి గుడ్డు పెట్టేముందు గదిలో తల దూర్చి చూస్తుంది. 1970లో జర్మనీకి చెందిన నికొలౌస్ కోనిగర్ అది ముందు కాళ్లతో గది వెడల్పును కొలుస్తుందని ప్రయోగాలతో చూపించాడు. వెడల్పు గది తగిలితే సంచి మూత. మరి గదులు కట్టేదెవరు? కూలి ఈగలు. శుభ్రం చేసేది అవే, శుభ్రం కాని గదిలో రాణి గుడ్డు పెట్టదు. రాణికి మేత పెట్టేది కూడా అవే. పూలు బాగా ఉన్న రోజుల్లో యూరప్ తేనెటీగ రాణి రోజుకు 1,500 నుంచి 2,000 గుడ్లు పెడుతుంది. ఆ గుడ్ల బరువు దాని ఒంటి బరువును మించుతుంది. అంత మేత కూలి ఈగల నోటి నుంచే రావాలి. గుంపు చీలి కొత్త చోటికి పోయే ముందు అవి మేత తగ్గిస్తాయి, గుడ్లు తగ్గిపోతాయి, రాణి ఎగరగలిగేంత సన్నబడుతుంది. ఆ ప్రయాణం ఎప్పుడన్నది రాణి తేల్చే సంగతి కాదు.

పైగా రాణి పుట్టుకతో రాణి కూడా కాదు. 1760ల్లో జర్మనీలోని లుసేషియాలో పాస్టర్ షిరాక్, రాణి లేని పట్టులో కూలి ఈగలు మామూలు పిల్ల పురుగు నుంచే కొత్త రాణిని పెంచుకుంటాయని చూపించాడు. గుడ్డు పొదగడానికి 3 రోజులు. పొదిగాక మొదటి రెండు మూడు రోజుల్లోపు పురుగు అయితే, గది పెద్దది చేసి వేరే మేత పెడితే చాలు. కూలి ఈగ అవ్వాల్సింది 21 రోజులకు బదులు 16 రోజుల్లో రాణిగా బయటికి వస్తుంది. మా పై అంతస్తు ఆయన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. చిన్న పిల్లలున్న పట్టులో రాణిని తీసేస్తే మిగతావి ఇంకో రాణిని చేసుకుంటాయి. పట్టుకు ప్రాణం పిల్లల గదుల్లో ఉంది.

అందుకే పెంపకందార్లు పెట్టె తెరిచినప్పుడు రాణి కోసం పెద్దగా వెతకరు, గదుల్ని చూస్తారు. మొదటి రోజు గుడ్డు గది అడుగున నిలబడి ఉంటుంది, రెండో రోజు వాలుతుంది, మూడో రోజు పడుకుంటుంది. అలా పడుకుని ఉన్న గుడ్లు చూస్తే రాణి మూడు రోజుల కిందట బతికే ఉందని తెలుస్తుంది. రాణి పెర మధ్యలో మొదలుపెట్టి చుట్లు చుట్లుగా బయటికి పెడుతూ పోతుంది. కాబట్టి పిల్లలు మధ్యలో గుండ్రంగా, వాటి చుట్టూ సన్నగా పుప్పొడి, పైన తేనె. ఒక గదిలో రెండు మూడు గుడ్లు అడ్డదిడ్డంగా ఉంటే రాణి పోయి చాలా రోజులైందనీ, కూలి ఈగలు పెట్టడం మొదలుపెట్టాయనీ అర్థం. బర్నెన్స్ పదకొండు రోజులు వెతికిన ఈగల సంతకం అది.

మూత వేసిన గదుల మధ్య అక్కడక్కడా ఖాళీలుంటే రాణి ముసలిదైందని అనడం మామూలు. 1963లో పోలండ్‌కు చెందిన యెర్జీ వొయికె ఆ ఖాళీల్లో కొన్నిటి గుట్టు విప్పాడు. రాణికి దగ్గరి చుట్టరికం ఉన్న పోతులతో జత కుదిరితే, ఫలదీకరణ అయిన గుడ్లలో కూడా కొన్ని మగవవుతాయి, ఎందుకూ పనికిరానివి. కూలి ఈగలు వాటిని పొదిగిన కొన్ని గంటల్లోనే గుర్తుపట్టి తినేస్తాయి. కొన్నిసార్లు సగం గదులు ఖాళీ. రాణి వరస తప్పకుండా గుడ్లు పెట్టింది, వెనకాలే వచ్చినవాళ్లు కొట్టేశారు. మనకు కనబడేది ఒకరి రాత, ఇంకొకరి కొట్టివేత కలిసిన ప్రతి.

మరి ఆ గుండ్రటి అమరిక ఎవరి ప్లాను? 1991లో అమెరికాకు చెందిన స్కాట్ కామజీన్ దీనికి ప్లానే అక్కర్లేదని చూపించాడు. రాణి ఇప్పటికే పిల్లలున్న గదులకు దగ్గర్లో పెడుతుంది. కూలి ఈగలు తేనెను, పుప్పొడిని దొరికిన ఖాళీలో పెడతాయి. పిల్లలకు మేపడానికి మాత్రం దగ్గర్లో ఉన్నది ముందు తీస్తాయి. ఈ చిన్న నియమాల్ని కంప్యూటర్‌కిస్తే మధ్యలో పిల్లలు, చుట్టూ పుప్పొడి, బయట తేనె అనే అమరిక దానంతటదే తేలింది. నేను రోజూ రాసే కోడ్‌లో ఎక్కడో ఒక మెయిన్ ఫంక్షన్ ఉండి తీరుతుంది. పట్టులో అది లేదు. రాణి కూడా ఆ నియమాల్లో ఒకదాన్ని పాటించే ఈగే.

ఇంతవరకూ చెప్పిన చరిత్రంతా యూరప్ తేనెటీగది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ చట్రాల మధ్య ఈగ పట్టేంత సందు వదిలి పెట్టె చేశాక అందరూ ఆ పెట్టెలోనే చదువుకున్నారు. మన దేశంలో చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండే చిన్న దేశీ తేనెటీగ ఏపిస్ సెరానాకు సరిపోయే పెట్టెను తిరుచిరాపల్లి దగ్గర ఫాదర్ న్యూటన్ చేశాడు. 1911-17 మధ్య చుట్టుపక్కల పల్లెలవాళ్లకు పెంపకం నేర్పాడు. న్యూటన్ పెట్టె అనే పేరు దక్షిణాదిన ఇప్పటికీ ఉంది. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి దక్షిణాదిన ఆ దేశీ పట్టులు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. అది పెద్ద ఈగల్ని కాదు, మూత వేయబోయే పిల్లల్ని చంపింది. రాణులు బతికే ఉన్నాయి, పట్టులు పోయాయి. పట్టుకు ప్రాణం ఎక్కడుందో దీనికన్నా కఠినంగా చెప్పే పాఠం లేదు.

టోలిచౌకి సజ్జా కింద వేలాడే కొండ తేనెటీగ అయితే ఏ పెట్టెలోనూ ఇమడదు. ఒకే ఒక్క పెర, మీటరుకు పైగా వెడల్పు కూడా ఉండొచ్చు, దానికి చీకటి, గోడ, మూత ఏవీ లేవు. ఈగలే ఒకదాన్నొకటి పట్టుకుని తెరలా కప్పుతాయి. ఇంకో తేడా కూడా ఉంది. దాని పట్టులో పోతుల గదులు, కూలి ఈగల గదులు ఒకే కొలత. ముందు కాళ్లతో వెడల్పు కొలిచి కొడుకో కూతురో తేల్చుకోవడం అనే పాఠం ఇక్కడ పనికిరాదు. పుస్తకంలోని రాణి వేరు, మన తల మీదున్న రాణి వేరు.

ఈ రాణి గదుల్ని చదివినవాళ్లు ఇంకోచోట ఉన్నారు. ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చువేశాడు. తేనె తీయడం చెంచుల బతుకులో ఎంత పెద్ద పనో నల్లమల తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కొండచరియకు తాడు కట్టుకుని దిగి, పొగ పెట్టి, కత్తి వేసేవాడికి పట్టు అమరిక తెలియకపోతే కుదరదు. కొమ్మకో బండకో అంటుకున్న పై భాగంలో లావుగా తేనె, దాని కింద పుప్పొడి, మిగతా పెద్ద భాగమంతా పిల్లలు. కామజీన్ కంప్యూటర్‌లో తేల్చిన వరసను కత్తి పట్టిన చెయ్యి ఎప్పుడో నేర్చుకుంది.

ఆ తెలివిని ఎలా వాడాలన్నది మార్కెట్ మార్చింది. మొత్తం పట్టు కోసి, పిల్లలతో కలిపి పిండితే పని త్వరగా అయిపోతుంది, పట్టూ అక్కడితో అయిపోతుంది. తేనె ఉన్న పై భాగం మటుకే కోసి, పిల్లలున్న భాగాన్ని వదిలేస్తే ఈగలు మళ్లీ అక్కడికే వచ్చి తేనె నింపుతాయి, ఒకే పట్టు నుంచి ఒకే సీజన్‌లో మళ్లీ తీసుకోవచ్చు. గిరిజనుల దగ్గర తేనె కొనే గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. విశాఖపట్నం కేంద్రంగా 1994లో మొదలైన కోవెల్ ఫౌండేషన్ ఇలా పిల్లల్ని వదిలి కోయడాన్ని తేనె తీసేవాళ్లకు శిక్షణగా ఇస్తూ వచ్చింది. రిపోర్టుల్లో దీన్ని శాస్త్రీయ పద్ధతి అంటారు. నిజమే, కానీ కత్తి ఎక్కడ ఆపాలో గుర్తుపట్టే కన్ను రిపోర్టు రాసినవాళ్లది కాదు. బర్నెన్స్ విషయంలో జరిగిందే మళ్లీ జరుగుతోందేమో అనిపిస్తుంది.

మన సిటీలో అలాంటి కత్తి కూడా లేదు. పెస్ట్ కంట్రోల్ వాళ్లకు ఫోన్ చేస్తే రాత్రి వచ్చి మందు కొడతారు, లేదా మంట పెడతారు. కొండ తేనెటీగ కుట్టడం చిన్న విషయం కాదు, గుంపుగా కుడితే మనిషి ప్రాణం పోవచ్చు. పిల్లలు ఆడుకునే బాల్కనీ పక్కన పట్టు ఉంటే భయపడటం తప్పు కాదు. అలాంటిచోట తీయించాల్సిందే, తెలిసినవాళ్లతో. కానీ ఎనిమిదో అంతస్తు సజ్జా కింద, ఎవరి జోలికీ రాని పట్టుకు ఇంకో దారి ఉంది. ఈ ఈగలు ఒకచోట ఏడాదంతా ఉండవు. గుడ్డు పెట్టిన సుమారు మూడు వారాలకు ఈగ బయటికి వస్తుంది. పూలు తగ్గి రాణి గుడ్లు ఆపేశాక, ఉన్న పిల్లలు ఎగరగలిగాక గుంపంతా లేచి వేరే ప్రాంతానికి వలస పోతుంది. కింద ఖాళీ పెర మిగులుతుంది. చంపినా చంపకపోయినా వచ్చే సీజన్‌కు అదే సజ్జా కిందికి ఏదో ఒక గుంపు రావచ్చు, ఒకసారి పట్టు పెట్టిన చోటికే తిరిగొచ్చే అలవాటు వీటికుంది.

అందుకే ఇప్పుడు పట్టు గురించి ఎవరైనా అడిగితే, రాణి ఎక్కడుంది అన్న ప్రశ్నను పక్కన పెట్టమంటున్నాను. పిల్లలు ఉన్నాయా, ఇంకెన్ని వారాలు అని అడగడం మేలు. ప్రశ్నోపనిషత్తు ఋషి చూసింది అబద్ధం కాదు, అది లేస్తే అన్నీ లేస్తాయి. లేవాలని ముందు తేల్చుకునేది మాత్రం మిగతా ఈగలు.